నార్మల్ భిక్షపతి

అది మార్చి పన్నెండు. ఆ పొద్దున లింగస్వామి తిన్నది సర్వపిండి. మన్సూరాబాద్‌లో అతను కిరాయికి ఉంటున్న ఇంటి యజమానురాలు ఐలమ్మ, గిన్నె నుంచి అప్పుడే ఊడదీసిన పిండిని రెండు ముక్కలు చేసి, స్టీలు ప్లేటులో పెట్టి మెట్ల దగ్గర ఇచ్చిపోయింది. "ఏడి మీదనే తిను లింగయ్యా, సల్లారితే పండ్లకు పని పెడ్తది" అంది. అతని భార్య యాదలక్ష్మి చనిపోయినప్పటి నుంచి ఐలమ్మ అలా అప్పుడప్పుడూ ఇస్తూనే ఉంది. ఇచ్చేటప్పుడు జాలి మాట ఒక్కటీ అనదు. అందుకే అతనికి తినబుద్ధయ్యేది. తర్వాతి రోజుల్లో ఆ తారీఖు గుర్తొచ్చినప్పుడల్లా ముందు నాలుక మీదికి కాలిన నువ్వుల రుచి వచ్చేది. దాని వెనక మిగతాదంతా వచ్చేది.

చైతన్యపురి మెయిన్‌రోడ్డు వెనక వీధిలో, కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్లకూ మధ్య ఇరుక్కున్న పాత పరిశోధనా కేంద్రం అది. దాని సెల్లార్‌లో, మైక్రోస్కోపు గది బయట ఉన్న బల్ల దగ్గర, లింగస్వామి ఆ పొద్దున భిక్షపతి మోచేతి పైన రబ్బరు పట్టీ బిగిస్తున్నాడు.

"పిడికిలి బిగించు."

"ఇన్నేండ్ల సంది బిగిస్తనే ఉన్న గదనే. ఉద్యమాలు చేసినోళ్లు గూడ గిన్నిసార్లు బిగించి ఉండరు."

లింగస్వామి నవ్వలేదు గానీ పెదవి ఒక పక్కకు జరిగింది. అతను సన్నటి మనిషి. కళ్లద్దాలకు తాడు కట్టి మెడలో వేసుకుంటాడు. ఎండాకాలంలో కూడా చేతుల్లేని స్వెట్టరు తొడుక్కుని ఉంటాడు, లేజర్ల కోసం కింద ఎప్పుడూ ఏసీ నడుస్తుంది కాబట్టి. నల్లగొండలో బీఎస్సీ, తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి ఇక్కడ చేరాడు. పెద్దగా పైకీ పోలేదు, కిందికీ పోలేదు. మైక్రోస్కోపు వచ్చిన రోజు నుంచి దాన్ని నడిపేది అతనే.

భిక్షపతి ఎడమచేతి నరం అతనికి కళ్లు మూసుకున్నా దొరికేది. ఆ రోజు మాత్రం సూది కింద నుంచి పక్కకు జారింది. రెండోసారి గుచ్చాల్సి వచ్చింది. చర్మం కొంచెం వదులైనట్టు తోచింది. పోయినసారి గుచ్చిన చోట కమిలిన మచ్చ ఇంకా అలాగే ఉంది.

"చెయ్యి గుంజకు."

"గుంజుతలేను. నీకే కండ్లు ఆనుతలేవు."

భిక్షపతి అటెండరు. ఐసు తేవడం, గాజు సామాను కడగడం, చెత్త వేరుచేయడం, తాళాలు వేయడం అతని పని. వయసులో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో హమాలీ. బత్తాయి గంపలు మోసి మోసి కుడి భుజం ఎడమదానికన్నా కిందికి దిగి ఉంటుంది. మార్కెట్ అక్కడినుంచి పోవడానికి చాలా ముందే అతను ఈ కేంద్రంలోకి వచ్చాడు. వచ్చిన కొత్తలోనే డైరెక్టరు ప్రసన్నకుమార్, "ఎవరైనా కాస్త రక్తం ఇస్తారా, మంచి రక్తం కావాలి" అని అడిగితే, కడుగుతున్న బీకరు పక్కనపెట్టి తడి చెయ్యే ముందుకు చాచాడు. అప్పుడు అన్ని పరీక్షలూ చేశారు. అన్నీ బాగున్నాయి. అప్పటి నుంచి ఆ ల్యాబ్‌లో అతనే 'నార్మల్'.

అక్కడ జరిగే పని చెప్పడానికి కష్టం గానీ చూడటానికి తేలిక. ఎర్ర రక్తకణం చుట్టూ ఉండే పొర గోడలాంటిది కాదు. కొవ్వు అణువులు పక్కపక్కనే ఉంటూ, ఒకచోట నిలవకుండా, జాతరలో జనంలా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరుగుతుంటాయి. వాటి మధ్య మెరిసే రంగు కలిపితే మైక్రోస్కోపు కింద కణం నారింజరంగులో వెలుగుతుంది. ఆ వెలుగులో ఒక చిన్న చుక్క మేర బలమైన లేజరు కొట్టి రంగును చంపేస్తారు. అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. ఇక చేసేదేమీ లేదు, చూడటమే. చచ్చిన రంగు మళ్లీ వెలగదు. కానీ చుట్టూ ఉన్న అణువులు కదిలి ఆ నలుపులోకి వస్తాయి, మాడినవి నెమ్మదిగా బయటికి చెదిరిపోతాయి. మచ్చ పూడుతుంది. ఎంత త్వరగా పూడిందో కంప్యూటరు గీతగా చూపిస్తుంది. పొర మెత్తగా ఉంటే గీత చురుగ్గా పైకి లేస్తుంది. బిరుసెక్కితే బరువు మోస్తున్న మనిషి మెట్లెక్కినట్టు ఎక్కుతుంది.

పుస్తకాల్లో దీన్ని రికవరీ అంటారు. భిక్షపతి 'మచ్చ మానుడు' అన్నాడు. ఆ మాటే అందరికీ అలవాటైంది. లివర్ జబ్బు పేషెంట్ల కణాల మీద పీహెచ్‌డీ చేస్తున్న జ్యోతిక కూడా, "అన్నా, ఇయ్యాల మచ్చ మానుడు ఎంతొచ్చింది?" అనే అడిగేది.

పేషెంటు కణం ఎంత మందంగా ఉందో చెప్పాలంటే మంచి కణం ఎంత చురుగ్గా ఉందో తెలియాలి. అందుకని పేషెంటు లెక్కను అదే రోజు తీసిన భిక్షపతి లెక్కతో భాగించి రాసేవారు. గదిలో వేడి తగ్గినా, రంగు పాతబడినా, లేజరు నీరసించినా ఇద్దరికీ ఒకేలా తగ్గుతుంది, భాగిస్తే ఆ తేడా కొట్టుకుపోతుంది. తెలివైన పద్ధతి. అన్ని ల్యాబ్‌లలోనూ ఇలాంటిదేదో ఉంటుంది.

భిక్షపతి ఆ పేరును ఉద్యోగం కన్నా ఎక్కువగా చూసుకున్నాడు. కల్లు మానేశాడు. సొంత బావమరిది సైదులు పెళ్లిలో అందరూ గ్లాసులెత్తుతుంటే, "నాకొద్దు, నేను నార్మల్" అని బోర్లించాడట. ఆ కథ సైదులు ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు. రక్తం ఇచ్చే ముందు రోజు పెందలాడే పడుకునేవాడు. కేంద్రం చూడటానికి పిల్లలొస్తే వాళ్ల మేడమ్‌లు, "ఈయనే మన నార్మల్" అని చూపించేవారు. అతను నీలం యూనిఫాం కాలరు సర్దుకుని నిలబడేవాడు.

జ్యోతిక ఆ రోజు మెట్లు దిగుతూనే మాట్లాడుతోంది. "అన్నా, సార్ ఫుల్ ఖుష్. కొత్త మందు పడినప్పటి నుంచి పేషెంట్ల నంబర్లు నెలనెలా పెరుగుతున్నయి కదా, పోస్టర్ పంపిద్దాం అన్నరు. భాగించిన లెక్కలే కాదు, ఒరిజినల్ గీతలు కూడా ఒక బొమ్మలో పెట్టమన్నరు. నార్మల్‌దొకటి, పేషెంట్‌దొకటి. మందుకు ముందుది, ఇప్పటిది."

"అంటే పేషెంట్లు మంచిగైతున్నరా బిడ్డా?" అన్నాడు భిక్షపతి, మోచేతిలో దూది నొక్కుకుని.

"అయితున్నరన్నా. చాలావరకు మీ దగ్గరికొచ్చేసిన్రు."

"రానీ, రానీ. ఒక్కడినే ఎంతకాలముంట," అని అతను ఐసు బకెట్టు తీసుకుని పైకి పోయాడు. మెట్ల మధ్యలో ఒకసారి ఆగి, గోడకు చెయ్యానించి, మళ్లీ ఎక్కాడు.

గదిలో లైటార్పితే కంప్యూటరు తెర వెలుగు ఒక్కటే. లింగస్వామి ఆ పొద్దుటి కణాల మీద ఒక్కొక్కటిగా మచ్చలు వేసి గీతలు దించాడు. అతనికి ఆ చీకటి ఇష్టం. యాదలక్ష్మి చనిపోయిన ఏడాది ఆ గదే అతన్ని నిలబెట్టింది. ఆ రోజుల్లో భిక్షపతి రెండో టిఫిన్ బాక్సు తెచ్చి, "మా ఈరమ్మ లెక్క తప్పి ఎక్కువ పెట్టింది" అని పక్కన పెట్టేవాడు. భిక్షపతి భార్య రోజూ లెక్క తప్పేది.

జ్యోతిక అడిగినట్టు అతను మందుకు ముందటి ఫైళ్లు తెరిచి, పాత గీతల మీద కొత్త గీతలు పరిచాడు. ఇంతకు ముందు ఎప్పుడూ చేయని పని. ఏ రోజు లెక్క ఆ రోజు భాగించి పంపేయడమే అలవాటు.

తెర మీద నాలుగు గీతలుండాలి. మొదట అతనికి మూడే కనిపించాయి. పేషెంట్ల పాత గీత, కొత్త గీత ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతలా ఉన్నాయి. భిక్షపతి పాత గీత ఎప్పటిలా చివ్వున పైకి లేచి ఉంది. కొత్తది దాని కింద, పేషెంట్ల గీతకు జానెడు దూరంలో కూడా లేకుండా, మెల్లగా పాకుతూ పోతోంది.

జ్యోతిక కుర్చీ ముందుకు జరుపుకుంది. గీతల్ని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. పక్క కోచింగ్ సెంటర్లో ఎవరో మైకులో ఫార్ములా చెబుతుంటే పిల్లలంతా ఒక్కసారిగా అందుకున్న గొంతు సన్నగా వినిపించింది.

"అన్నా," అంది చివరికి. "పేషెంట్లు పైకి రాలేదన్నా. నార్మలే కిందికొచ్చింది."

"హీటర్ పోయుంటది. కణాలు సల్లబడుంటయి."

ఆ మాట అతని నోటి నుంచి రావడం ఆమె ఎప్పుడూ వినలేదు. యంత్రంలో లోపం ఉందని ఎవరైనా అంటే ఇంటి మనిషిని అన్నట్టు బాధపడే లింగస్వామి, ఇప్పుడు కింద కూర్చుని హీటరు తీగలు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూస్తున్నాడు. హీటరు పోతే పేషెంట్ల గీత కూడా దిగాలి. అది అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె ఊరుకుంది. ఊరుకున్నందుకు అతనికి ఆ పిల్ల మీద ఎంతో ఇష్టం కలిగింది.

హీటరు బాగానే ఉంది. కొత్త రంగు సీసా విప్పాడు. గాజు బిళ్లలు మార్చాడు. లేజరు బలం కొలిచాడు. ఫ్రిడ్జ్‌లో మిగిలిన భిక్షపతి రక్తంతో మళ్లీ మొదటి నుంచి చేశాడు. నల్లటి మచ్చ అంచులు కొంచెం కొంచెంగా నారింజరంగు తాగుతూ, తాగలేక ఆగుతూ, మళ్లీ తాగుతూ ఉంటే, అతను తెర ముందు పిడికిలి బిగించి, "రా, రా" అని గొణుక్కున్నాడు. అది దాని తీరున అదే వచ్చింది.

మధ్యాహ్నం ఇద్దరూ అన్నం తినలేదు. లింగస్వామి బయటి బల్ల దగ్గరికి వచ్చి, స్వెట్టరు కిందనుంచి చొక్కా చెయ్యి పైకి మడిచి, రబ్బరు పట్టీ కొస పంటితో లాగి తన చేతికే కట్టుకున్నాడు. సూది పెట్టుకోబోతుండగా భిక్షపతి ఐసు బకెట్టుతో దిగాడు.

"ఓరి! ఏందన్నా గిది? నా నౌకరికే ఎసరు పెడుతున్నవా?"

"యంత్రం పరీక్ష చేస్తున్న."

"నీ రక్తంల ఏమున్నది, చాయ్ తప్ప. గా యంత్రం కరాబైతది చూడు. ఉండు, నేను పడ్త." బకెట్టు దించి వచ్చి, పట్టీ కొస అతని పళ్ల మధ్య నుంచి తీసుకుని బిగించి పట్టుకున్నాడు. అతని వేళ్లు చల్లగా ఉన్నాయి. ఐసు వల్ల అనుకున్నాడు లింగస్వామి.

తన కణాల మీద తనే మచ్చ వేశాడు. అది కళ్లముందే పూడిపోయింది. గీత చివ్వున లేచి, భిక్షపతి పాత గీత మీద కూర్చుంది. రెండో కణం, మూడో కణం, అన్నీ అంతే. షుగరుందని ఐలమ్మ ఇచ్చే లడ్డూలు దాచుకుని తినే ఈ ఒంట్లో, యాదలక్ష్మి పోయాక ఏమీ బాగుపడదనుకున్న ఈ ఒంట్లో, కొవ్వు అణువులు ఇంత ఉల్లాసంగా తిరుగుతున్నాయని చూస్తే ఎవరైనా సంతోషించాలి. అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

"దీన్నిబట్టి ఏమీ చెప్పలేమన్నా," అంది జ్యోతిక. "ఇది జబ్బు చెప్పే టెస్ట్ కాదు. ఎందుకైనా తగ్గొచ్చు."

"అవును."

"సార్‌కు ఫోన్ చేస్త."

"చెయ్యి. నేను భిక్షంతోని మాట్లాడి వస్త."

భిక్షపతి సింకు దగ్గర గాజు బిళ్లలు కడిగి నిలబెడుతున్నాడు. లింగస్వామి అతని భుజం మీద చెయ్యి వేసి, "చాయ్ తాగుదాం, పా" అన్నాడు. ఇద్దరూ మెట్లెక్కి బయటికొచ్చారు. మార్చి ఎండ అప్పటికే కళ్లలోకి కొడుతోంది. చాయ్ తీసుకుని గేటు పక్కన మెట్ల మీద కూర్చున్నారు. ఎదురుగా హాస్టలు గోడ మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. బ్యాగులు మోస్తూ పిల్లలు గుంపులుగా పోతున్నారు.

లింగస్వామి అతని మొహంలోకి చూశాడు. కింద ఇన్నేళ్లూ వాళ్లు ఒకరినొకరు ఎక్కువగా తెర వెలుగులోనే చూసుకున్నారు. ఆ వెలుగులో ఎవరైనా కొంచెం నీలంగానే ఉంటారు. ఇక్కడ ఎండలో భిక్షపతి కళ్లు పచ్చగా ఉన్నాయి. చెంపలు లోపలికి పోయాయి. చొక్కా భుజాల దగ్గర వేలాడుతూ, పొట్ట దగ్గర మాత్రం గుండీ బిగుసుకుని ఉంది. చెప్పుల పట్టీ పాదం మీద లోతుగా గాడి కోసింది.

"ఏందే, గట్ల కండ్లల్ల కండ్లు పెట్టి చూస్తున్నవ్? పిల్లను చూడవొచ్చినవా?"

"కండ్లు పచ్చగున్నయి భిక్షం."

భిక్షపతి చాయ్ గ్లాసు చేతుల మధ్య తిప్పాడు.

"ఎండకు."

"ఎప్పటి సంది?"

"దసరా కాణ్నుంచి. మా ఈరమ్మ పసరు పోయించింది. ఊరికి పోయి మూడు వారాలు తాగొచ్చిన. ఉప్పు బంద్ చేసిన. జర తక్కువైనట్టే అయింది, మళ్ల వొచ్చింది."

"నాకు చెప్పలేదేంది మరి?"

"ఏమని చెప్పాలె? నార్మల్‌కు కామెర్లైనయని చెప్పాల్నా?" అతను నవ్వాడు గానీ ఆ నవ్వు సగంలోనే ఆగింది. "తీసేస్తరని భయమైంది అన్నా. నౌకరి కాదు, నౌకరి ఉంటది. గా పేరు తీసేస్తరని. ఏదో ఆకుతోటి పోయేదే గద, పోయినంక ఎవలకు ఎర్కైతదిలే అనుకున్న."

లింగస్వామి చాయ్ మీద తేలిన మీగడను వేలితో తీసి మెట్టుకు రాశాడు. భిక్షపతి ఎదురుగా ఆరుతున్న తువ్వాళ్లనే చూస్తున్నాడు. అతను ఆలోచిస్తున్నాడని తెలుస్తోంది. ఇన్నేళ్లుగా ఆ గీతల మాటలు వింటూ పెరిగిన ఆలోచన అది, తొందరపడదు.

"మరి పేషెంట్లు మంచిగైతున్నరన్నరు గద?"

లింగస్వామి కళ్లద్దాలు తీసి తాడుకు వదిలేశాడు.

"అన్నా. వాళ్లు ఎక్కలేదా?"

లింగస్వామి తల అడ్డంగా ఊపాడు.

"నేనే దిగిన్నా?"

"ఇయ్యాల్నే తెలిసింది," అన్నాడు లింగస్వామి. "దవాఖానకు పోదాం. ఇప్పుడే పోదాం."

"అయ్యో," అన్నాడు భిక్షపతి. గ్లాసు కింద పెట్టేశాడు. "గా పిల్ల చదువు ఖరాబ్ చేసిన గదనే."

ఆ మాటకు లింగస్వామి కోప్పడాలనుకున్నాడు. "పిల్ల చదువు సంగతి తర్వాత. నీ సంగతి చెప్పు నాకు" అని గట్టిగా అనాలనుకున్నాడు. అనకుండానే అతని కాళ్ల దగ్గర వంగాడు. చెయ్యి చాపి, చెప్పుల పట్టీ కొక్కెం ఊడదీసి, ఒక రంధ్రం వదులు చేసి మళ్లీ పెట్టాడు. భిక్షపతి కాలు వెనక్కి తీసుకోలేదు.

కిందికి పోయేసరికి జ్యోతిక ఫోను చాపింది. అటువైపు ప్రసన్నకుమార్. "లింగస్వామి గారూ, నేను విన్నానండీ. పోస్టరు గీస్టరు అన్నీ పక్కన పెట్టేయండి. ముందు ఆయన్ని తీసుకెళ్లండి. తెలిసిన డాక్టరుకి చెప్పాను, మీకోసం కూర్చుంటారు." పెట్టేసే ముందు, "మొదట్లో చేయించిన పరీక్షలే అండీ, తర్వాత ఎవరం చేయించలేదు. నాకే తట్టలేదు," అన్నాడు. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. ఎవరో ఒకరిని అన్నా బాగుండేదనిపించింది లింగస్వామికి.

ఈరమ్మ కబురందుకుని ఆటోలో వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని గేటు దగ్గర నిలబడి, భర్తను కాదు, లింగస్వామినే అడిగింది. "ఏమన్నది అన్నా మీ మిషిని?"

"మిషిన్‌కు జబ్బులు తెల్వయి చెల్లె. డాక్టర్ చెప్తడు."

"మరి దానికేం తెలుసు?"

"కదులుడు మెల్లగైందని తెలుసు. అంతే."

ఆమె తల ఊపింది. భిక్షపతి యూనిఫాం విప్పి సొంత చొక్కా వేసుకుని వచ్చాడు. జ్యోతిక దగ్గర ఆగి, "బిడ్డా, ఏమనుకోకు" అన్నాడు. ఆమె అతని రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. అతను ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, "ఐసు అయిపోతది, రేపటికి ముందే చెప్పిపెట్టుండ్రి" అన్నాడు. ఆటో మెయిన్‌రోడ్డెక్కి, మెట్రో పిల్లర్ల మధ్య నుంచి ఎల్బీనగర్ వైపు తిరిగింది. లింగస్వామి డ్రైవరు పక్కన ఒరిగి కూర్చున్నాడు. వెనక వాళ్లిద్దరూ ఏదో చిన్న గొంతుతో మాట్లాడుకుంటున్నారు. ఒకసారి ఈరమ్మ నవ్వడం కూడా వినిపించింది.

లివర్ ఎప్పుడో చెడిపోయిందని డాక్టర్లు అన్నారు. ఎందుకు చెడిందో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. ఆలస్యమైందన్న మాట మాత్రం అందరూ ఒకేలా చెప్పారు. పొట్టలో నీరు తీశారు, మళ్లీ చేరింది, మళ్లీ తీశారు. లింగస్వామి పని దిగి ప్రతి సాయంత్రం పోయేవాడు. అతని చేతిలో ఏమీ లేదు. ఒక్కో రోజు బత్తాయి ఒలిచి తొనల మీది తెల్లటి పొర కూడా తీసి పెట్టేవాడు. భిక్షపతి రెండు తొనలు తిని, "గీ కాయ మన మార్కెట్ల అయితే గంప అడుగుకు ఏస్తుంటిమి," అని వంక పెట్టేవాడు. ఆ వంక వినడానికే లింగస్వామి మర్నాడు మళ్లీ కొనుక్కుపోయేవాడు.

ఒక సాయంత్రం భిక్షపతి కళ్లు మూసుకునే అడిగాడు. "నా జాగల ఎవలు ఇస్తున్నరు?"

లింగస్వామి ఒలుస్తున్న తొన పక్కన పెట్టాడు. "వేరే మనిషి దొరికేదాంక నేనే."

"అనుకున్న." కళ్లు తెరిచి మళ్లీ అన్నాడు. "ఎవలన్న మందు పోస్తే గ్లాస్ బోర్లియ్యి. రాత్రి టీవీ ముందల కూసోకు. మంచిగ చూసుకో అన్నా. నీతోటి పది మంది లెక్క ఉంటది."

"సరే."

"సరే అనుడు కాదు. నీకు షుగరున్నది, లడ్డులు తింటవు. నాకెర్కలేదనుకున్నవా?"

ఇద్దరూ నవ్వారు. అది భిక్షపతి బాగా మాట్లాడిన చివరి సాయంత్రం. జూన్‌లో, వానలు మొదలైన రోజుల్లో, తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. ఈరమ్మ పక్కనే ఉంది. ఆమె లేపడానికి ముందు కాసేపు అతని తల నిమిరిందట, ఇన్నాళ్లకు మంచిగా పడుకున్నాడని.

అంత్యక్రియలైన మర్నాడు లింగస్వామి పనికొచ్చాడు. జ్యోతిక లెక్కలన్నీ కొత్తగా మొదలుపెట్టింది. మందు పనిచేయలేదని రాసింది, ఎందుకు మొదట పనిచేసినట్టు కనిపించిందో కూడా రాసింది. 'నార్మల్' అన్న చోట ఏం రాయాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలి ఇంటికి పోయింది. సాయంత్రం పక్క కోచింగ్ పిల్లల గొంతులు తగ్గాయి. లేజరు ఆపాడు. మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పాడు. లైటు ఆర్పాడు.

ఇన్నేళ్లూ గది చివరగా మూసి తాళం వేసింది భిక్షపతే. లింగస్వామి ఎప్పుడూ ముందే వెళ్లిపోయేవాడు. ఈ మూడు నెలలూ అతను ఆస్పత్రికి పరుగెత్తుతుంటే తాళం జ్యోతికే వేసింది. అది ఇనప తలుపు. వదిలితే దాని బరువుకు అదే పోయి చెక్క చౌకట్టుకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బకు లోపల మైక్రోస్కోపు అదిరి లెక్క తప్పుతుందని మొదట్లో అందరూ విసుక్కునేవారు. ఆ విసుగు ఎప్పుడు ఆగిపోయిందో అతనికి గుర్తు లేదు. ఇప్పుడు తలుపు లాగుతూ, ఆ చప్పుడు కోసం భుజాలు బిగపట్టుకున్నాడు. చప్పుడు రాలేదు. ఏదో అడ్డుపడిందనుకుని మళ్లీ తెరిచి, ఫోను వెలుగులో చౌకట్టు చూశాడు.

అరిగిపోయిన నీలం హవాయి చెప్పు మడమ ముక్క. బ్లేడుతో చదరంగా కోసి, చౌకట్టుకు రెండు మేకులతో కొట్టి ఉంది. మేకుల తలలు రబ్బరు లోపలికి దిగేదాకా కొట్టాడు, తలుపుకు గీసుకోకుండా.

లింగస్వామి ఫోను జేబులో పెట్టుకుని, తలుపును మళ్లీ మెల్లగా దగ్గరికి లాగాడు. దాని ఇనప అంచు ఆ నీలం ముక్క మీద, ఏళ్ల తరబడి నొక్కుకుని పడిన గాడిలోకి, చప్పుడు లేకుండా ఒదిగింది.